మామగారి పాలగ్లాసు

“మా మామయ్యగారికి నేను పాలల్లో విషం కలుపుతున్నానంటున్నారండీ,” అంది వచ్చినావిడ, కుర్చీలో సరిగ్గా కూర్చోకుండానే. “రేపు పుట్టింటికి పొమ్మన్నారు మా ఆయన. నిన్న రాత్రి మామయ్యగారు కూడా నా చేతి గ్లాసు ముట్టుకోలేదు. అది ఇంకా బాధగా ఉంది.”

ఆ ప్రైవేటు డిటెక్టివ్‌ను అందరూ ఆరా గారంటారు. ఎవరైనా తుమ్మితే ఎందుకు తుమ్మారో కనుక్కునేదాకా నిద్రపోని మనిషి. ఆయన సహాయకురాలికి మాత్రం కేసు అక్కడే తేలిపోయిందనిపించింది. రాత్రి పాలు తాగి పడుకుంటాడు పెద్దాయన. తెల్లారేసరికి దగ్గు, జ్వరం, ఆయాసం. ఆసుపత్రిలో చేరితే తేరుకుంటాడు, ఇంటికొస్తే మళ్లీ మొదలు. ఉబ్బసమేమోనని పీల్చే మందు ఇచ్చారు గానీ గుణం కనిపించలేదు. ఆసుపత్రిలో కోడలిని అడుగుపెట్టనివ్వలేదట. ఇంకేం కావాలి?

సాయంత్రం ఇద్దరూ ముందు పెద్దాయన కొడుకు నడిపే దిండ్ల దుకాణానికి వెళ్లారు. అతను గలీబులో బాతు ఈకలు కూరుతున్నాడు. కనుబొమల మీద తెల్లటి నూగు.

“నాన్నగారు దుకాణం ఎందుకు మానేశారు?” అడిగారు ఆరా గారు.

“దగ్గు పట్టుకుందండీ. ఇంటిపట్టున ఉన్నాక తగ్గింది కూడా. మళ్లీ ఈమధ్యే, ఆవిడ చేతి పాలతో...”

అతన్ని వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లేసరికి పెద్దాయన మూడు బొద్దు దిండ్లకు ఆనుకుని ఉన్నాడు.

“పగలు ఎక్కడ కునుకు తీస్తారు?”

“వరండాలో చెక్క కుర్చీలో బాబూ. అక్కడ ఏ బాధా లేదు.”

“ఈ ఉదయం?”

“మళ్లీ ఆయాసమే.”

ఆరా గారు అందర్నీ మంచం చుట్టూ కూర్చోబెట్టి, బల్ల మీదున్న పాలగ్లాసు ఎత్తి గటగటా తాగేశారు. “అయ్యో, వద్దండీ!” అంటూ సహాయకురాలు లేచింది.

“కంగారుపడకమ్మా, ఇది రుజువు కాదు, ఆకలేసింది,” అని మూతి తుడుచుకున్నారాయన. “రుజువు నిన్నటి గ్లాసు. పెద్దాయన దాన్ని ముట్టుకోలేదు. అయినా తెల్లారి ఆయాసం వచ్చింది. మరి పాలదేం తప్పు?”

పొద్దున ఆ మాట తన చెవిన కూడా పడిందే అనుకుని సహాయకురాలు సిగ్గుపడింది.

“ఈ పని చేసింది మీరే,” అన్నారాయన కొడుకుతో. “ఏళ్ల తరబడి ఈకల ధూళి పీల్చిన ఊపిరితిత్తులవి. ఇక ఓర్చుకోలేవు. లోపలి చిన్నచిన్న గాలి తిత్తులు వాచిపోతాయి, అదీ పీల్చిన కొన్ని గంటలకు. అందుకే రాత్రి పడుకుంటే తెల్లారి జబ్బు. ఉబ్బసమైతే బిగుసుకున్న ఊపిరి గొట్టాలు పీల్చే మందుకు వదులయ్యేవి. పెద్ద డాక్టరుకి చూపించండి, ఈ మాట చెప్పండి. ఇంతకీ నాన్నగారు ఇంటిపట్టునున్నాక ఏం కుట్టిచ్చారు?”

“మెత్తగా ఉంటుందని... ఈకల దిండు.”

“ఆయాసం వచ్చాక?”

కొడుకు ఆ మూడు దిండ్ల వైపు చూశాడు. “తల ఎత్తుగా ఉండాలని ఇంకోటి. మళ్లీ వస్తే మరోటి.”

లేచి మూడు దిండ్లూ చంకన పెట్టుకుని బయట పడేసి వచ్చాడు. భార్య ముఖం చూడలేకపోయాడు.

పెద్దాయన కోడలి వైపు చెయ్యి చాచాడు. “నా పాలు ఈయన తాగేశాడు. ఇంకో గ్లాసు తేమ్మా.”

ఆవిడ కళ్లు తుడుచుకుని లేచింది.

“నాకూ కొంచెం,” అన్నాడు కొడుకు మెల్లగా.

“పొయ్యి మీద ఉన్నాయి,” అంది ఆవిడ. “మీరే పోసుకోండి.”