నోటితో ఊదిన దీపం

చీకటి పడ్డాక ఆ ఇంటి ముందు హారన్ కూడా కొట్టరండీ. ఒంగోలు అవతల, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పక్కన ‘ఉఫ్ ఇల్లు’ ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. లోపల మనిషి లేడు, కరెంటు లేదు... అయినా ఎవరో దీపం ఊదినట్టు ‘ఉఫ్...’ మని వినిపిస్తుందట. ట్రాక్టరు తోలే యలమంద ఆ చప్పుడు విని చెప్పులొదిలేసి పరిగెత్తాడు. ఆ చెప్పులు ఇంకా అక్కడే ఉన్నాయంటారు. కావాలంటే వెళ్ళి చూసుకోండి, నేను మాత్రం రాను.

ఆ ఇల్లు రాజరాజేశ్వరి టీచరుగారిది. భర్త రామకాంత్ పొగాకు కంపెనీ పనిమీద ఓసారి ఇటలీ వెళ్ళి, అక్కణ్ణుంచి నీలం గాజు దీపమొకటి తెచ్చాడు. “కొన్నది కాదే రాజీ, గొట్టం పట్టుకుని కరిగిన గాజుని నేనే ఊదా. నా ఊపిరుంది ఇందులో,” అనేవాడు. చుట్టాలు నమ్మితేగా! సంత సరుక్కి ఇటలీ స్టిక్కరు అంటించి అంటగట్టారని నవ్వేవాళ్ళు.

ఆయనకి ఊదడమే సరదా. కరెంటు పోయి ఆవిడ ప్రమిద వెలిగిస్తే చాలు, పిల్లిలా వెనక చేరి ‘ఉఫ్’ మనేవాడు. “నోటితో ఊదకూడదండీ! పువ్వుతో కొండెక్కించాలి,” అని ఆవిడ గోల పెట్టేది.

కరోనాలో ఆయన ఊపిరందక పోయాడు. ఆవిడ పక్క వార్డులోనే ఉంది... కడచూపు లేదు, అస్థికలు కూడా చేతికి రాలేదు. పాపం, ఆ ఇంట్లో ఉండలేక గుంటూరులో చెల్లెలింటికి చేరింది.

ఇప్పుడు ఇల్లు అమ్ముడుపోయింది. తెల్లారితే కూలగొడతారు. అందుకే గుంటూరులో దీపాల కొట్టు నడిపే అన్వర్‌ని వెంటబెట్టుకుని వచ్చింది.

“ఆ దీపం ఊదిందో, అచ్చులో పోసిందో చెప్పండి చాలు. ఆయన ఊపిరి అందులో లేదంటే... ఆయనది నాకింకేమీ మిగల్లేదండీ.”

తలుపు తీసేసరికి పొద్దుగూకింది. ఆవిడ ప్రమిద వెలిగించి, కిటికీలో ఇన్నాళ్ళూ అలాగే ఉండిపోయిన గాజు దీపం పక్కన పెట్టింది.

‘ఉఫ్...’

ప్రమిద మంట వంగింది. “యా అల్లా...” అన్వర్ ఒక్క అడుగు వెనక్కేశాడు.

ఆవిడ కదల్లేదు. అతనే తేరుకుని చూశాడు — కిటికీ అద్దం పగిలి ఉంది. గాలి వీచినప్పుడల్లా గాజు దీపం మూతి మీదుగా పోతోంది. ఖాళీ సీసా మీద ఊదితే రాదూ, అదే చప్పుడు. కిటికీ చెక్క రెక్కలు మూసి గడియ పెట్టాడు. చప్పుడు ఆగిపోయింది.

“ఇదేనమ్మా మీ దెయ్యం!”

ఆవిడకి నవ్వు రాలేదు. దెయ్యమైనా బావుండునని ఇన్నాళ్ళూ లోలోపల ఆశపడింది మరి.

అన్వర్ సెల్‌ఫోను లైటులో దీపాన్ని తిప్పి తిప్పి చూశాడు. “అచ్చులో పోస్తే పక్కన అతుకు గీత తగులుతుంది. దీనికి లేదు. అడుగున చూడండి, గాజుని పట్టుకున్న కడ్డీ నుంచి విరిచిన మచ్చ. నోటితో ఊదిందేనమ్మా.” అతని వేలు ఒకచోట ఆగింది. “కానీ... ఇక్కడ సొట్ట. చెయ్యి తిరిగినవాడు ఊదింది కాదు. మధ్యలో ఊపిరి ఆపి, మళ్ళీ ఊదారు.”

“నవ్వొచ్చి ఆగారట...” ఆవిడ ఆ సొట్ట మీద వేలు పెట్టింది. “ఊదుతూ ఊదుతూ నవ్వొచ్చిందని చెప్పేవారు. ఆయన ఊదిందేనండీ... ఇది ఆయన ఊదిందే!”

దీపాన్ని గుండెకి హత్తుకుని భోరుమంది. ఆసుపత్రిలో కూడా అలా ఏడవలేదు.

అన్వర్ చూడలేక గుమ్మం దాటి నిలబడ్డాడు. కాసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకుని, ప్రమిద కొండెక్కిద్దామని అలవాటుగా జడలో చెయ్యి పెట్టింది. పువ్వెక్కడిది? ఆయనతోనే పోయిందిగా.

చెయ్యి అక్కడే ఉండిపోయింది. కిటికీ మూసే ఉంది. ఇంట్లో గాలన్నదే లేదు...

మెడ పక్కన వెచ్చగా — ‘ఉఫ్!’

చీకటి.

“అమ్మా! ఏమైందమ్మా?” బయట్నుంచి అన్వర్ కేక.

 ఏడుపో నవ్వో తెలియని గొంతుతో, ఆవిడ ఆ చీకట్లో వేరే ఎవరినో కోప్పడుతోంది.

“ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు... నోటితో ఊదకూడదని!”