అమ్మ కస్టమరైన రోజు

సూపర్వైజరమ్మ తొమ్మిదింటికి ఆఫీసు తాళం తీసి, ఫ్యాను వేసి, టీ కప్పు నోటిదాకా తీసుకెళ్లిందో లేదో ఫోను మోగింది.

“మూడు గదుల ఇంట్లోంచి ఒక్క గదిలోకి మారుతున్నానమ్మా. సామాను తగ్గించుకోవాలి. అంతా మీ పద్ధతి ప్రకారమే జరగాలి,” అంది అవతల ఓ పెద్దావిడ. వయసు డెబ్భై రెండట. రిటైరైన హెడ్ నర్సట. అడ్రసు రాసుకుంటూ సూపర్వైజరమ్మ కలం ఆపేసింది. అది తమ మేడం పుట్టిల్లు!

“సిస్టరమ్మగారూ, మీరా! మేడం ఉండగా మీరు బుక్ చేసుకోవడమేంటండీ?”

“కూతురి చేత చేయించుకున్న ముచ్చట తీరింది. ఇప్పుడు నేను కస్టమర్ని. మొదటి రోజుకి మనిషిని పంపు.”

మేడం కంపెనీకి ఊరంతా మంచి పేరు. పెద్ద ఇళ్లలోంచి చిన్న ఇళ్లలోకి మారే ముసలివాళ్ల సామాను సర్దిపెడతారు. మిగిలింది చెత్తకుప్పకి పోనివ్వరు. విరిగింది బాగుచేయించి, హాస్టళ్లకీ బడులకీ కొత్తగా కాపురం పెట్టినవాళ్లకీ చేరుస్తారు. అన్నిటికన్నా గొప్పది వాళ్ల మొదటి రోజు. ఆ రోజు ఒక్క వస్తువూ కదపకూడదు. కుర్చీ లాక్కుని కూర్చోవాలి, ఇంటివాళ్లు చెప్పేది వినాలి, అంతే. ఏది ఎక్కడికి పోవాలో వాళ్ల నోటితోనే రావాలి. ఈ నియమం పెట్టింది మేడమే. కన్నతల్లి దగ్గర దాన్ని గాలికొదిలేసిందీ మేడమే.

పోయిన వారం తల్లి కంటి ఆపరేషను కోసం రెండు రోజులు ఆస్పత్రిలో ఉంది. ఆ సందులో కూతురు పదిమంది కూర్చునే భోజనాల బల్లని లేడీస్ హాస్టల్‌కి పంపించేసింది. తల్లి ఇంటికొచ్చి ఖాళీ చోటు చూసి ఒక్క మాటా అనలేదు. అనలేదంటే ఒప్పుకున్నట్టే అనుకుంది కూతురు. అమ్మే కదా, అడిగేదేముంది!

పదకొండింటికి కూతురు పుట్టింటి గుమ్మంలోకి విసురుగా వచ్చింది. లోపల సూపర్వైజరమ్మ కుర్చీలో బుద్ధిగా కూర్చుని వింటోంది. మేడం మొహం చూడగానే “మంచినీళ్లు తాగొస్తా” అంటూ వంటింట్లోకి జారుకుంది.

“ఏంటమ్మా ఇది? నా కంపెనీకి ఫోన్ చేసి నువ్వే బుక్ చేసుకుంటావా? నలుగురూ నవ్విపోరూ?”

“నవ్వేదేముంది? పనిమంతులని పేరుంది కదా, పిలిచాను.”

“మరి నేను చేస్తోందేంటి?”

“పెత్తనం!” అంది తల్లి, తొణక్కుండా.

“ఆ బల్ల గురించేనా? అది ఆ ఒక్క గదిలో పడుతుందా చెప్పు! పాడుచోటికేం పంపలేదుగా. హాస్టల్ పిల్లలు చదువుకుంటున్నారు దాని మీద. థాంక్స్ చెబుతూ ఎంత చక్కటి ఉత్తరం రాశారో తెలుసా?”

“ఎవరి పేరున రాశారు?”

“మా కంపెనీ పేరునే,” అని నసిగింది కూతురు.

“అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని వినడమే గానీ చూడలేదు. అమ్మ సొమ్ము కూతురు దానం చేయడం కళ్లారా చూశాను. అదీ కొత్త కళ్లతో!”

నవ్వొచ్చే మాటే. కానీ తల్లి నవ్వలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ మెల్లగా చెప్పింది. “ఆ బల్ల ఎవరికివ్వాలో నేనెప్పుడో మాటిచ్చేశానే బుజ్జీ. మా వార్డు నర్సు పిల్లలకి. ముప్పై నాలుగేళ్లు నేనక్కడ నిలబడే తిన్నాను. గోడకి ఆనుకుని, ఒక చేత్తో క్యారేజీ గిన్నె పట్టుకుని. ఇప్పటికీ ఆ నర్సులకి అదే గతి. ఒక్కపూటైనా అందరినీ కూర్చోబెట్టి తినిపించాలనే అంత బల్ల కొన్నాను. ఇల్లు మారేటప్పుడు ఆ బల్ల మీకేనర్రా అన్నాను. పాపం, స్టోర్ రూం ఖాళీ చేసి, కొలతలు తీసుకుని ఎదురుచూస్తున్నారు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని కనపడను?”

ఎన్ని చావులు చూసినా చలించని మనిషి. ఆ చివరి మాట అని మొహం పక్కకి తిప్పుకుంది.

“నాకు చెప్పాలి కదమ్మా!”

“నువ్వు అడగాలి కదే!”

కూతురు కుర్చీలో కూలబడింది. ముగ్గురున్న ఇంటికి అంత బల్లేంటని నాన్న ఎగతాళి చేయడం ఆమెకి గుర్తే. ఎందుకు కొన్నావని మాత్రం తనెప్పుడూ అడగలేదు. పరాయివాళ్ల ఇళ్లలో చిల్లుపడ్డ బక్కెట్టు కథ కూడా ఓపిగ్గా వినే తను! ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. తను రచ్చ గెలిచి, ఇంటికొచ్చి బోర్లా పడింది.

అయితే ఏడుస్తూ కూర్చునే రకం కాదామె. సాయంత్రానికల్లా హాస్టల్ వార్డెన్ ముందు నిలబడింది.

“ఆ బల్ల ఇవ్వడానికి నాది కాదండీ. తప్పు నాదే. వెనక్కి తీసుకెళ్లాలి.”

“ఇచ్చినట్టే ఇచ్చి లాక్కుంటారా? పిల్లలకేం చెప్పమంటారు?” వార్డెన్ గయ్యిమంది.

“ఊరికే కాదు. మా ఇంటి బల్ల బయట వ్యానులో ఉంది. అది నిజంగా నాదే. ముందు అది దింపించాకే పాతది ఎత్తుతాను.”

ఆ రాత్రి మొగుడూ పిల్లలూ కంచాలు పట్టుకుని దిక్కులు చూశారు. “నాలుగు రోజులు కింద కూర్చుని తింటే ఎవరి నడుమూ విరగదు,” అని వాళ్ల నోరు మూయించింది.

శనివారం మధ్యాహ్నం వార్డు పక్కన ఖాళీ చేసిన స్టోర్ రూంలోకి బల్ల చేరింది. నర్సులు తలుపు దగ్గరే ఆగి, నమ్మలేనట్టు చూసి, ఒక్కసారిగా కుర్చీల మీద పడ్డారు. గిన్నెల మూతలు తెరుచుకున్నాయి, కబుర్లు మొదలయ్యాయి. కూతురిని కూడా మధ్యలోకి లాగి కూర్చోబెట్టారు. ఎవరో తల్లి చేతిలోనూ ఓ గిన్నె పెట్టారు.

కూతురు తలెత్తి చూస్తే తల్లి గోడకి ఆనుకుని, నిలబడే తింటోంది. గబగబా, నాలుగే ముద్దల్లో ముగించాలన్నట్టు. ఒక చెవి వార్డు వైపే ఉంది.

“సిస్టరమ్మా, ఇంకా నిలబడతారేంటి?” అని నర్సులు గోల చేశారు.

“అలవాటర్రా,” అని నవ్విందామె.

కూతురు చేతిలో ముద్ద కింద పెట్టేసింది. “ఇంట్లోనూ ఇంతే కదమ్మా. నాకూ నాన్నకీ వడ్డించి నువ్వు వంటింటి గుమ్మంలో నిలబడే తినేదానివి. ఇన్నేళ్లూ అది నా కంటికి ఆననేలేదు,” అంటూ అందరి ముందే వెక్కివెక్కి ఏడ్చింది.

తల్లి దగ్గరికొచ్చి, ఎడమచేత్తో కూతురి చెంపలు తుడిచింది. ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి.

“ఇప్పుడు ఆనిందిగా. ఇక ఏడుపాపి కాస్త జరగవే, నేనూ కూర్చుంటాను.”