ఎదుర్కోలు తాంబూలం

పడమటి రాజు గుడారాలు కొండ దిగువ చేలన్నిటినీ మింగేసి, కందనగిరి దుర్గంలో జనం గడ్డిగింజలతో గంజి కాచుకుంటున్న ఆ రోజుల్లో సైతం, సేనాపతి ముప్పడి నాయకుడు తన బిరుదులు చదివించుకోవడం మానలేదు. అది గొప్పలకు పోవడం కాదనీ, వందిమాగధుల గొంతులు మూగబోకుండా కాపాడే రాజ్యసేవ అనీ ఆయన మనసారా నమ్మేవాడు.

ఆ సేవాభావం మహామంత్రి గుండనామాత్యునికి బాగా తెలుసు. ప్రభువు జబ్బుపడి మంచం మీద ఉన్నందున కొలువు తానే తీర్చి, నాయకుని బిరుదులకు కొత్తవి రెండు చేర్చి మరీ చదివించి, తాంబూలం అందించాడు. ఆ రాజ్యంలో కొలువు తాంబూలం అందుకున్నవాడు చెప్పిన పని చేసి తీరాలి, లేదా తల ఇవ్వాలి. అందుకే పనేమిటో విన్నాకే ఎవరైనా చెయ్యి చాపుతారు. నాయకుడు కొత్త బిరుదుల మత్తులో ముందే నోట వేసుకున్నాడు.

"సేనానీ, రేపు సూర్యోదయాన పెద్ద ద్వారం తెరిపించి, పడమటి దండనాథుని తమరే స్వయంగా ఎదుర్కొనవలెను. ఇది ప్రభువుల ఆజ్ఞ" అన్నాడు మంత్రి, తేనె పూసినట్టు.

ఎదుర్కోలంటే పన్నీరు, చందనం, మేళతాళాలు. అంటే కోట అప్పగింత. నాయకుని నోట్లో ఆకు విషమైంది.

బసకు రాగానే, కొలువులో వెంటే ఉండి అంతా విన్న తమ్ముడు కాటయ నిప్పులు కక్కాడు. "రెండు బిరుదులకు కోట నమిలేశావన్నా. మూడోది కూడా చదివి ఉంటే మమ్మల్నీ నమిలేవాడివి."

మంత్రి సరిగ్గా ఏ మాట అన్నాడో మళ్లీ చెప్పమన్నాడు నాయకుడు.

"ఎదుర్కొనమన్నాడు."

"శత్రువును ఎదుర్కోవడం మనకు కొత్తా?" అన్నాడు నాయకుడు.

తెల్లవారింది. తలుపులు తెరుచుకున్నాయి. దోపిడీకి గోతాలు సైతం వెంట తెచ్చుకున్న శత్రుసేన ముందు నిలిచి, నాయకుడు మంత్రి పంపిన పన్నీటిచెంబు నేలకు విసిరికొట్టాడు. "కత్తి దూయండి, దండనాథా. మిమ్మల్ని ఎదుర్కొనమని మా కొలువు ఆజ్ఞ."

మధ్యాహ్నానికి గుడారాలు తగలబడ్డాయి. శత్రువు పారిపోయాడు. ద్వారానికి తన దేహమే గడియగా అడ్డుపెట్టిన కాటయ మాత్రం లేవలేదు.

నెత్తుటి చేతులతోనే నాయకుడు మంత్రి మెడపట్టి కొలువుకు ఈడ్చుకొచ్చాడు. "పసిపిల్లలకు గుక్కెడు పాలు లేని కోటలో, శత్రువు మీద చల్లడానికి పన్నీరు దాచావు. నీ మాట నేను చెల్లించాను. నా తమ్ముణ్ణి నువ్వు ఎలా చెల్లిస్తావు?"

భటులు మంత్రికి సంకెళ్లు వేశారు.

నెలకు ప్రభువు కోలుకుని కొలువు తీర్చాడు. వందులు కొత్త బిరుదు చదివారు. తాంబూలపు పళ్లెం కదిలింది. నాయకుని చెయ్యి ముందుకు సాగింది. కాటయ ఉంటే ఆ చెయ్యి పట్టుకుని ఆపేవాడు. పనేమిటో ముందుగా అడగడం ముప్పడి నాయకుడు ఇంకా నేర్చుకోలేదు.