చేతులెత్తిన బ్యాట్స్‌మన్

శత్రువు పంపిన మనిషికి పాలడిన్ అనే బ్రిటిష్ విమాన వాహక నౌక మీద అంత కీలకమైన పని అప్పగించింది ఎవరు? నేటికీ జవాబు లేదు.

1947 శరదృతువు. ఇంగ్లిష్ ఛానల్. విమాన వాహక నౌకల కోసమే తయారైన ‘సీ లాన్సర్’ అనే ప్రయోగాత్మక జెట్ ఫైటర్ ఆ రోజు తొలిసారి డెక్ మీద దిగాలి. ఉన్నది ఒకటే విమానం. దాన్ని కూల్చడానికి విదేశీ ముఠా ఏజెంటు ఒకడు ఓడెక్కాడని కబురు. వాణ్ణి పట్టుకోవడానికి నిఘా విభాగం నుంచి హెస్టర్ పెంగెలీ, వాతావరణ అధికారిణి వేషంలో వచ్చింది.

“నా ఓడలో ద్రోహులా? పురుగులైతే ఉన్నాయమ్మా, బిస్కట్లలో,” అని నవ్వాడు అడ్మిరల్ ఆల్డర్‌షా.

“అవి మీకంటే చురుగ్గా ఉన్నాయి సార్. కొత్త బ్యాట్స్‌మన్ ఎవరు?”

డెక్ అంచున నిలబడి, రెండు చేతుల్లో బ్యాట్లతో పైలట్‌కు దారి చూపేవాణ్ణి అక్కడ బ్యాట్స్‌మన్ అంటారు.

“గ్యారెత్ లొవెల్. మా క్లబ్బులో బ్రిడ్జ్ పేకాట బ్రహ్మాండంగా ఆడతాడు. ఇంకేం కావాలి?”

ఆ మాట వినగానే హెస్టర్ డెక్ మీదికి నడిచింది. తిన్నగా వెళ్లి లొవెల్ పక్కన నిలబడింది. సినిమా హీరోలాంటి అందగాడు.

“వాతావరణం ఎలా ఉంది మేడమ్?”

“నువ్వు నోరు మూసుకుంటే బాగానే ఉంటుంది నాయనా.”

జెట్ వచ్చింది. పైలట్ డెంజిల్ ట్రెవిక్ దాన్ని సరైన ఎత్తులోనే తెస్తున్నాడు. అయినా లొవెల్ బ్యాట్లు పైకెత్తాడు. విమానం కాస్త లేచింది. లొవెల్ మొహం పాలిపోయింది. బ్యాట్లు ఇంకా పైకెత్తి, పళ్లు కొరుకుతూ గొణిగాడు: “దిగరా వెధవా, దిగు!”

హెస్టర్ చెవిన పడింది. బ్రిటిష్ నౌకల్లో బ్యాట్లు పైకెత్తితే ‘పైకి రా’ అని ఆజ్ఞ. అమెరికన్లకు మాత్రం ‘మరీ ఎత్తులో ఉన్నావు’ అని హెచ్చరిక. వీడు నేర్చింది అమెరికన్ పద్ధతి!

పొరపాటు తెలిసి లొవెల్ బ్యాట్లు దించాడు. జెట్ ముక్కు వంగింది. ఆ కొత్తరకం ఇంజన్ పుంజుకోవడానికి సమయం తీసుకుంటుంది. ఇంకొంచెం దిగితే ఓడ వెనుక అంచుకు గుద్దుకుంటుంది. హెస్టర్ భుజంతో ఒక్క తోపు తోసింది. లొవెల్ డెక్ అంచున కట్టిన రక్షణ వలలో పడ్డాడు. కింద పడిన బ్యాట్లు అందుకుని ఆమె రెండు చేతులూ ఎత్తింది. ఇంజన్ గర్జించింది. చక్రాలు డెక్‌ను దాదాపు రాసుకుంటూ విమానం పైకి లేచిపోయింది. రెండో విడత, నమ్మకమైన బ్యాట్స్‌మన్ చేతుల మీదుగా భద్రంగా దిగింది.

“వాళ్ల గూఢచారి బడిలో లొవెల్‌కు అమెరికన్ శిక్షణ ఫిల్మ్ చూపించారట,” అంది హెస్టర్ అడ్మిరల్‌తో.

అడ్మిరల్ టీ చప్పరించాడు. “ఇదంతా బయటికెందుకమ్మా? విమానం కూలి ఉంటే పైలట్ పొరపాటని రాసేవాళ్లం. ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు.”

“ట్రెవిక్‌కు తప్ప.”

“చచ్చినవాడికి ఇబ్బందేముంది?”

బిస్కట్ ఇవ్వబోయాడు. ఆమె ముట్టలేదు.

ఇకపై పత్రికలో ‘పైలట్ పొరపాటు’ అని చదివినప్పుడు పేజీ తిప్పకండి. బతికున్నవాళ్లలో ఎవరి పేరు దాచారో అడగండి.