కాన్పుల ఇంటి షరతు

1944 వానాకాలం. సిద్దిపేటలో చంద్రవ్వ ఇంటి వసారాలో కూర్చుని, కొత్త వకీలు దత్తాత్రి తాను రాసిన దస్తావేజును గడగడా చదువుతున్నాడు. బయటి వాన కంటే అతని ఉర్దూయే జోరుగా ఉంది.

"ఆగుండ్రి వకీలు సాబ్. ఆ ఆఖరి మాట మళ్ళ చదువుండ్రి."

దత్తాత్రి తలెత్తాడు. చంద్రవ్వ మేనకోడలు బాలమణి గడప దగ్గర నిలబడి ఉంది. హైదరాబాదులో చదువుకుందని విన్నాడు గాని, ఇంత శ్రద్ధగా వింటోందని అనుకోలేదు.

"ధర్మకర్తలు పోయినంక వాళ్ళ వారసులు ఆ జాగల ఉంటరు," అని తెలుగులో చెప్పాడు. "అందరు ఇట్లనే రాస్తరు."

"అందరు తప్పు రాస్తె మీరు గుడ తప్పే రాస్తరా? కొడుకు, మనుమడు, మునిమనుమడు. మూడో తరానికి కాన్పుల ఇల్లు వాళ్ళ సొంతిల్లయితది. అప్పుడు అడిగెటందుకు మా అత్త ఉండది."

చంద్రవ్వ నవ్వు దాచుకుంది. దత్తాత్రికి మాత్రం చెవులు వేడెక్కాయి.

ఆ కాన్పుల ఇల్లే చంద్రవ్వకు మిగిలిన ఒక్క ఆశ. ఆమెకు ఒక్కతే కూతురు. తొలికాన్పుకు వేములఘాట్ నుంచి సిద్దిపేట దవాఖానకు తెస్తుంటే, దారిలో ఎడ్లబండిలోనే కన్నుమూసింది. అందుకే ఊరి మధ్యనున్న ఈ ఇంటిని పల్లెల నుంచి కాన్పుకొచ్చే ఆడవాళ్ళకు ఇచ్చేయాలని, పొలం పంటతో దాన్ని నడిపించాలని చంద్రవ్వ పట్టుదల. ఇల్లూ పొలమూ రెండూ ఆమె తండ్రి పసుపుకుంకుమల కింద ఇచ్చినవే. అయినా ఏ రాతా లేకుండా ఆమె పోతే, అవి చనిపోయిన భర్త అన్నకొడుకు రాంచందర్‌కే చెందుతాయి.

మొదట వీలునామా రాయమనే వచ్చింది. దత్తాత్రి ఒప్పుకోలేదు. "నువ్వు పోయినంక అది దొంగ కాయిదం అంటరు అవ్వా. అప్పుడు నువ్వొచ్చి చెప్పలేవు. బతికుండంగనే ధర్మానికి రాసిచ్చి రిజిస్ట్రీ చేయించు. అడిగెటోడు నీ ఎదురుంగనే అడుగుతడు."

ఆ సలహా విన్నరోజే బాలమణికి ఈ వకీలు మీద గౌరవం కలిగింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, దత్తాత్రికైతే అసలే తెలియదు.

"మరి ఎట్ల రాయాలె?" అన్నాడు దత్తాత్రి ఇప్పుడు కాస్త బిగువుగా.

"ముగ్గురు ధర్మకర్తలల్ల ఒకరు పోతె, మిగిలిన ఇద్దరు కలిసి మూడో మనిషిని ఎన్నుకోవాలె. ఒక్క ఇంటోళ్ళు ఇద్దరు ఎన్నడు ఉండొద్దు."

దత్తాత్రి గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళి ఆ మాటలో తప్పు పట్టాలని సాయంత్రందాకా చూశాడు. దొరకలేదు. పాత చిత్తు చించేసి, మరునాడు కొత్తది ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి రాసుకొచ్చాడు.

"తెలుగుల ఎందుకు?" అంది బాలమణి.

"వేలిముద్ర ఏసెటామెకు అర్థం కావాలె గద. నిన్ననే నాకు తోచాల్సింది."

ఆమె మొదటిసారి అతని వైపు నిదానంగా చూసింది. "తప్పు ఒప్పుకునే వకీలును ఇప్పుడే చూస్తున్న."

"ఎవ్వరికి చెప్పకుండ్రి. కక్షిదారులు రారు."

ధర్మకర్తలుగా బాలమణినీ, దత్తాత్రినీ, పొలం కౌలు చేసే పెద్దమనిషి పోశయ్యనూ రాయించింది చంద్రవ్వ.

రిజిస్ట్రీ రోజు రాంచందర్ కచ్చేరికి వచ్చాడు. ముసలామెకు వకీలు మాయమాటలు చెప్పి రాయిస్తున్నాడని అధికారితో చెప్పాడు. చంద్రవ్వ తండ్రి రాసిచ్చిన పాత కాగితాన్ని దత్తాత్రి అధికారి ముందు పెట్టి, "ఎవ్వలు చెప్తె రాస్తున్నవని అడుగుతున్నరు, చెప్పు అవ్వా," అని మాత్రం అన్నాడు.

చంద్రవ్వ రాంచందర్‌ను చూసి చెప్పింది. "నా బిడ్డ చెప్పింది కొడుకా. బండిల నా చెయ్యి పట్టుకొని, ఇంకెంత దూరమే అవ్వా అన్నది. ఆ రోజు దగ్గర్లనే అని అబద్ధం చెప్పిన. ఇగ ఏ తల్లి తన బిడ్డకు ఆ అబద్ధం చెప్పద్దు."

రాంచందర్ తలవంచుకుని బయటికి నడిచాడు. అధికారి కాగితాన్ని ఆమె ముందుకు జరిపాడు. దత్తాత్రి పక్కకు చూస్తే బాలమణి కళ్ళు తడిసి ఉన్నాయి, వీపు మాత్రం నిటారుగా ఉంది. ఆ క్షణంలోనే అతనికి తన మనసు సంగతి తేటతెల్లమైంది.

ఆ తర్వాత రెండు నెలలు గదులకు సున్నం వేయించడం, మంచాలు చేయించడం, మంత్రసాని కొండవ్వను కుదర్చడం. లెక్కలేనన్ని సార్లు ఇద్దరూ కలిశారు, అన్నిసార్లూ ఏదో ఒకదానికి వాదించుకున్నారు. ఒక మధ్యాహ్నం సన్నగా తుంపర పడుతుంటే దత్తాత్రి ఆమె చేతికో కాగితం ఇచ్చాడు.

"రాజీనామానా?" బాలమణి మొహం వాడిపోయింది. "పని మొదలుకాకముందే అలిసిపోయిన్రా?"

"అలసట కాదు. షరతు మీరే పెట్టిన్రు."

"ఏ షరతు?"

"ఒక్క ఇంటోళ్ళు ఇద్దరు ఉండొద్దని."

ఆమె కాగితాన్ని ఇంకోసారి చదివి, తలెత్తి అతన్ని చూసింది.

"ఇది నోటీసా వకీలు సాబ్, అడుగుడా?"

"అడుగుడే. మీరు కాదంటె ఆ కాయిదం చింపేయుండ్రి. పని మాత్రం ఇడిచిపెట్ట."

ఆమె నోరు తెరిచేలోగా వాకిట్లో ఎడ్లబండి ఆగింది. లోపల ఒక ఆడమనిషి మూలుగుతోంది. వేములఘాట్ బండి. బాలమణి కాగితం కొంగున ముడేసుకుని, కొండవ్వను కేకేస్తూ పరుగెత్తింది.

దత్తాత్రి వసారాలోనే ఉండిపోయాడు. చంద్రవ్వ వచ్చి అతని పక్కన కూలబడింది. ఆమె చూపు వేములఘాట్ బండి మీదే ఉంది. అతను ఆమె చేతులు పట్టుకుని కూర్చున్నాడు.

"నీ జాగల కొండవ్వను పెట్టుండ్రి," అంది చంద్రవ్వ. "గోడలకు చెవులున్నయి బిడ్డా. అన్ని విన్న. మీ ఇద్దరిల నువ్వే ఎందుకు తప్పుకుంటున్నవు?"

"ఈ ఇంటికి నాకంటె ఆమెనే ఎక్కువ కావాలె అవ్వా. కాయిదాల పని నేను బయటుండి చేస్త."

చంద్రవ్వ అతని తల నిమిరింది. "కోహెడల మీ నాయినకు కబురు పంపు. బాలమణి బాపు నా తమ్ముడే గద, వానితోని నేను మాట్లాడుత."

లోపల పసిబిడ్డ గట్టిగా ఏడ్చింది. చంద్రవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తలుపు తెరుచుకుంది. జుట్టు చెదిరి, మోచేతులదాకా తడితో, బాలమణి బయటికొచ్చింది.

"ఆడపిల్ల అత్తా. తల్లి మంచిగున్నది, గంజి అడుగుతుంది."

తర్వాత దత్తాత్రి వైపు తిరిగింది. అలసిన మొహంలో నవ్వు ఆగడం లేదు.

"మా బాపు పొద్దుగాలనే పొలం పోతడు. రేపు ఆయన పోకముందే వచ్చి అడుగుండ్రి."