ప్రార్థనలో పేరు

పొయ్యి మీంచి ఇడ్లీలు దింపి స్వర్ణలత చాప పరిచింది. బందరులోని ఆ ఇంట్లో పొద్దున కుటుంబ ప్రార్థన అయితేగాని ఎవరూ టిఫిన్ ముట్టరు. నాగాయలంక నుంచి నాన్న జీవరత్నం వచ్చాడంటే ప్రార్థన ఆయనదే.

ఆయన మంచి మనిషే, పిల్లల మీద చెయ్యెత్తి ఎరగడు. వాళ్ల తప్పులు మాత్రం ఇంటిల్లిపాదీ వింటుండగా దేవుడికి విన్నవించేవాడు. దేవుడితో మాట్లాడుతున్న మనిషికి ఎదురు చెప్పేదెవరు? అలా పెరిగిన స్వర్ణలత, పెళ్లై బిడ్డ తల్లైనా, ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడితే తన గురించేనని బిగుసుకుపోయేది. ఆఫీసులో చెయ్యని తప్పుకీ సారీ చెప్పేది.

కొంతకాలంగా కౌన్సెలర్ జహీదా గారి దగ్గరికి వెళ్తోంది. ఆవిడ మంత్రమేమీ వేయలేదు. "భయం పోయాక మాట్లాడదామని ఆగకండి. భయం ఉండగానే ఒక్క మాట అనండి. మీరిప్పుడు చిన్నపిల్ల కాదండీ" అని, ఆ ఒక్క మాట అనడం వారం వారం అలవాటు చేయించింది. మొదట్లో మాటకి బదులు ఏడుపే వచ్చేది.

ఆ పొద్దున అందరూ చాప మీద కూర్చుని కళ్లు మూసుకోగానే జీవరత్నం ప్రార్థన మొదలుపెట్టాడు. "తండ్రీ, ఈ చిన్నబిడ్డ హేమ నిన్న క్యారేజీలో అన్నం కాలవలో పారబోసి, తిన్నానని అబద్ధమాడింది. దీన్ని..."

స్వర్ణలత కళ్లు తెరిచింది. కూతురు భుజాలు ముడుచుకుని మెడ వంచుకుంది, అచ్చం ఒకప్పటి తనలాగే. స్వర్ణలతకి భయం పోలేదు. అయినా ఊరుకోలేదు.

"ఆపు నాన్నా."

ప్రార్థన మధ్యలో ఇదేం పని అన్నట్టు చూశాడాయన.

"దేవుడికి చెప్పేముందు దాన్ని అడుగు. నన్ను ఒక్కసారీ అడగలేదు నువ్వు. నా బిడ్డ నాలాగా పెరగకూడదు." గొంతు వణికింది గాని మాట తడబడలేదు. నోటిదాకా వచ్చిన సారీని మింగేసింది.

జీవరత్నం ముఖం గంటుపెట్టుకున్నాడు. తన తండ్రీ ఇలాగే చేసేవాడనీ, తానేం పాడైపోలేదనీ గొణిగాడు. స్వర్ణలత మెత్తబడలేదు, చూపూ తిప్పుకోలేదు. చివరికి ఆయనే మనవరాలి వైపు తిరిగాడు.

"ఎందుకు పారబోశావమ్మా?"

"కూర కారంగా ఉంది తాతయ్యా."

"ఆ మాట అమ్మకి చెప్పచ్చుగా?"

"చెబితే నువ్వు దేవుడికి చెప్పేస్తావని."

జీవరత్నం కూతురి వైపు చూశాడు.

"నువ్వూ ఇలాగే దాచేదానివా?"

"అన్నీ దాచాను నాన్నా."

ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. హేమని ఒళ్లోకి లాక్కుని, "ఇప్పుడు చెప్పమ్మా, వింటాను" అన్నాడు కూతురితో.

స్వర్ణలత ఏడుస్తూనే చెప్పడం మొదలుపెట్టింది.