అక్క చేన్లో బోరు

ప్రశాంతి పొద్దున్నే పేడ ఎత్తి, వాకిలి ఊడ్చి, స్టవ్ మీద టీ పెట్టింది. మరునాడే అనంతపురం కోర్టులో వాయిదా. ఆరు నెలల కిందట తనూ, భర్త రాఘవేంద్రా కలిసి విడాకులకు అర్జీ పెట్టుకున్నారు. రేపు ఇద్దరూ జడ్జి ముందు నిలబడి మరోసారి ఒప్పుకుంటే అయిపోతుంది. అంతవరకు ఎవరితోనూ గొడవ పెట్టుకోవద్దని, అతను మనసు మార్చుకుని అడ్డం తిరిగితే కేసు ఏళ్ళ తరబడి సాగుతుందని లాయరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. డిగ్రీ చదివిన ప్రశాంతికి ఊళ్ళో ఊరికే కూర్చునే ఓపిక అయిపోయింది. ఈ ముడి విడిపోతే అనంతపురంలో ఏదైనా పని వెతుక్కోవాలని ఆమె ఆశ.

టీ తీసుకుని వసారాలోకి వచ్చేసరికి నాయన బయ్యన్న లేడు. పక్కింటి ఎర్రిస్వామి ట్రాక్టరూ లేదు. తన అక్క చేన్లోని బోరు మోటారు పైకి లాగించడానికి మనుషులను వెంటబెట్టుకుని పోయాడని ఎర్రిస్వామి భార్య చెప్పింది. ప్రశాంతి టీ గ్లాసు అక్కడే పెట్టి స్కూటీ తాళం అందుకుంది.

బయ్యన్నకు ఉన్నది ఒక్కతే అక్క, రామసుబ్బమ్మ. ప్రశాంతికి మేనత్త, పెళ్ళయ్యాక అత్తగారు కూడా ఆమే. బిడ్డ పరాయి ఇంట్లో కష్టపడకూడదని ఏరికోరి చేసుకున్న మేనరికం అది. అందరూ అల్లుడికి మోటార్ సైకిల్ పెడితే, బయ్యన్న మాత్రం మొగుడు పోయిన అక్క చేన్లో బోరు వేయించాడు. మొదటి రెండు చోట్లా దుమ్ము తప్ప ఏమీ లేవలేదు. పంతం పట్టి మూడోది వేయిస్తే నీళ్ళు పడ్డాయి. ఆ నీళ్ళతోనే చీనీ తోట, అంటే బత్తాయి తోట, లేచింది. బెంగళూరులో కారు తోలే రాఘవేంద్ర మొదట్లో నెలకోసారి వచ్చేవాడు, తర్వాత పండగలకు వచ్చాడు, చివరికి రావడమే మానేశాడు. తోటను పెంచింది అత్తాకోడళ్ళే. అతనికి అక్కడ ఇంకో సంసారం, ఓ బిడ్డ కూడా ఉన్నారని తెలిశాక ప్రశాంతి పుట్టింటికి వచ్చేసింది.

పెద్దమనుషులు కూర్చుని బంగారం, బీరువా, మంచం అన్నీ తిరిగి ఇప్పించారు. భరణం ఒక్కసారే ఇచ్చేటట్టు ఖాయం చేశారు. బోరు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. అది అక్కాతమ్ముళ్ళ మధ్యది, అందులో వేలు పెట్టేదెవరు? ఆ ఎత్తని మాటే బయ్యన్న కడుపులో ఇన్నాళ్ళూ రగిలింది.

ప్రశాంతి స్కూటీ మీద తోట చేరేసరికి మనుషులు బోరు మీద మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి, రెండు పైపులు పైకి లాగేశారు. రామసుబ్బమ్మ అడ్డుపడలేదు. తనే స్టార్టర్ ఆపి, గట్టు మీద కొంగు కప్పుకుని కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళు సద్ది తిన్నారో లేదో కూడా అడిగిందట. తమ్ముడు మాత్రం ఆమె వైపు చూడటం లేదు. ఇద్దరి మధ్యా మాటలు లేక చాలా కాలమైంది.

"నాయనా, ఇది తెలిస్తే వాడు రేపు కోర్టుకు రాడు. నా బతుకు మల్లా ఈడే ఆగిపోతాది" అంది ప్రశాంతి.

"రాకుంటే రాకపోనీ. ఈ బోరు నేను మా అక్కకిచ్చినా. కొడుకు ఆడ ఇంగొకదాన్ని పెట్టుకుంటే, తెలిసీ నోరు మూసుకున్న మనిషికి ఇయ్యలేదు."

రామసుబ్బమ్మ తలెత్తింది. "నిజమే బయ్యన్నా. ఏడాది ముందే నాకు తెలుసు. నాలుగు దినాలకు వాడే దోవకొస్తాడులే అనుకున్యా. చెప్తే ఇది ఎల్లిపోతాది, నేను ఒక్కదాన్నే మిగులుతానని భయమేసింది. తప్పు నాదే. పీక్కోని పో."

పైపు పట్టుకున్నవాళ్ళు దాన్ని దింపాలో లాగాలో తెలియక అలాగే నిలబడ్డారు. ప్రశాంతికి ఆ సంగతి అంతకు ముందే తెలుసు. తెలిసిన రోజున మేనత్త మీద మండిపడింది, ముఖం చూడనంది. అయినా ఇప్పుడు నాయన ముందుకు వచ్చి నిలబడింది.

"నాకూ కోపమే నాయనా. అయితే వాడు విడాకుల అర్జీ మీద సంతకం పెట్టనని మొండికేస్తే, బెంగళూరు పోయి వాని వాకిట్లో కూర్చోని పెట్టించింది ఎవరనుకున్యావు? అత్తనే. నీకు చెప్పొద్దని నాతో ఒట్టు పెట్టించుకున్యాది. చెప్తే చేసిన తప్పు మాపుకునేదానికి చేసినట్టుంటాదంట."

బయ్యన్న కూతురిని, అక్కను మార్చి మార్చి చూశాడు.

"రేపు నాకూ వానికీ తెగిపోతాది. నీకూ నీ అక్కకూ ఏ కోర్టులో విడాకులు ఇస్తారు నాయనా?"

బయ్యన్న అక్కడే మట్టిలో కూలబడ్డాడు. తుండుగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతుంటే ఎర్రిస్వామి అటు తిరిగి, పైపులు మళ్ళీ దింపమని మనుషులకు చేత్తో సైగ చేశాడు.

మరునాడు రాఘవేంద్ర కోర్టుకు వచ్చాడు. బయ్యన్నా, రామసుబ్బమ్మా కూడా వచ్చారు. జడ్జి అడిగినదానికి ఇద్దరూ ఇష్టపూర్వకంగానేనని చెప్పారు. ఏళ్ళ కాపురం ఆ నాలుగు మాటలతో ముగిసింది. ప్రశాంతి కంట్లో చుక్క నీరు రాలేదు. ఇంత తేలికా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. అతను తల్లితో పోయొస్తానని చెప్పి బస్టాండుకు వెళ్ళిపోయాడు. రామసుబ్బమ్మ కొడుకు వెంట పోలేక, తమ్ముడి దగ్గరికి రాలేక వరండా స్తంభం పక్కన నిలబడిపోయింది.

బయ్యన్నే వెళ్ళాడు. "ఏమన్నా తిన్యావా అక్కా?" అని అడిగాడు.

లేదని తలూపింది. నిన్నటి నుంచీ ఆమె ఏమీ తినలేదు.

ముగ్గురూ కోర్టు ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో కూర్చుని బొరుగుల ఉగ్గాని, బజ్జీ చెప్పారు. ప్లేట్లు రాగానే రామసుబ్బమ్మ తన బజ్జీ తీసి ప్రశాంతి ప్లేటులో వేయబోయింది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమెకు అదే అలవాటు. ఇంట్లో ఏది చేసినా తన వంతులో సగం కోడలికి పెట్టాకే తినేది. సగం దూరంలో, ప్రశాంతి ఇక తన కోడలు కాదని ఆమెకు గుర్తొచ్చినట్టుంది, చెయ్యి ఆగిపోయింది. తమ్ముడి ముఖంలోకి చూసి, బజ్జీని మెల్లగా వెనక్కి తీసుకుంది.

జడ్జి ముందు రాని ఏడుపు ప్రశాంతికి అప్పుడు వచ్చింది. హోటల్లో నలుగురూ చూస్తున్నా ఆపుకోలేకపోయింది. తాను పోగొట్టుకున్నది మొగుణ్ణి కాదని ఆమెకు అప్పుడు తెలిసింది.

"పెట్టు అత్తా" అంటూ తన ప్లేటు ఆమె ముందుకు జరిపింది.